బెల్లం సీమలో నాలుకకు కళ్లెం

"బెల్లమైతే పరవాలేదు" అన్న నమ్మకం తెచ్చిన చేటు
ఒట్టు పెట్టుకుంటే మానలేదు, మెట్టు మెట్టుగా దిగితే వశమయింది

అనకాపల్లి : శారదా నది ఒడ్డున ఉన్న ఆ పల్లెలో చెరకు గానుగ ఆడే రోజులొస్తే ఊరంతా తియ్యని వాసనే. తెల్లవారకుండానే పొయ్యి రాజుకుంటుంది. పెనంలో రసం పొంగుతుంటే మడ్డి తీసేవారు ఒకరు, చెరకు పిప్పి ఎగదోసేవారు ఒకరు. పాకం దగ్గరపడే వేళకు పిల్లలు చెరకు ముక్కలూ, కొబ్బరి ముక్కలూ పట్టుకొని చుట్టూ చేరతారు. పాకంలో ముంచుకొని చప్పరించడం వారికి ఏటేటా ఒక పండుగ.

ఆ పొయ్యి దగ్గర నలభై ఏళ్లుగా బెల్లం వండుతున్న పెద్దాయన ఒకరున్నారు. చల్లని నీటిలో పాకం చుక్క వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి చూసి, "దింపండి" అంటే దింపవలసిందే. ఆయన వండిన దిమ్మకు అనకాపల్లి మార్కెట్ యార్డులో మంచి ధర పలుకుతుందని రైతులు ఆయన కోసం కాచుకొని ఉండేవారు.

నాలుగేళ్ల కిందట ఒక ఉదయం పొయ్యి ముందు నిలబడి ఉండగా ఆయన ఎడమ కాలి మీద నిప్పు కణిక పడింది. ఆయన కదలలేదు. పక్కనున్న కుర్రవాడు "తాతా, కాలు కాలిపోతోంది" అని కేక పెట్టాకే కిందికి చూసుకున్నారు. నొప్పి తెలియలేదు. తన ఓర్పుకు తానే మెచ్చుకొని, కాస్త పసుపు రాసి మళ్లీ పనిలో పడ్డారు.

అది ఓర్పు కాదని మూడు వారాలకు తెలిసింది. పుండు మానలేదు సరికదా, లోలోపలికి దిగింది. విశాఖపట్నంలో ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి పరగడుపున తీసిన రక్తంలో చక్కెర 280 దాటి ఉంది. కాలి నరాలలో స్పర్శ చాలావరకు పోయిందని వైద్యులు తేల్చారు. రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చింది.

ఇంతకూ ఆయనకు తన జబ్బు సంగతి తెలియక కాదు. అంతకు రెండేళ్ల ముందే షుగరు ఉందని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెప్పారు. మాత్రలు ఇచ్చారు. తీపి తగ్గించమన్నారు. ఇంట్లో ఆ రోజు నుంచే పంచదార డబ్బా అటక ఎక్కింది. దాని బదులు టీలోకి బెల్లం దిగింది.

"పంచదారైతే మందులేసి తెల్లగా చేస్తారు. ఇది మన చేత్తో వండింది. ఇది తింతే ఏటవుద్ది అనుకున్నాం" అంటారు ఆయన భార్య. ఆ అనుకోవడమే రెండు వేళ్ల ఖరీదు చేసింది.

బెల్లానికి మినహాయింపు లేదు

ఈ మాట ఆ ఒక్క ఇంటిది కాదు. దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటిగా పేరుపడ్డ అనకాపల్లి చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా ఇదే మాట వినపడుతుంది. షుగరు ఉన్నవారు పంచదార మాని బెల్లం వేసుకోవడం, అదీ మానమంటే తాటి బెల్లమో తేనో వెతకడం మామూలయింది.

బెల్లం ఎలా తయారవుతుందో తెలిసిన వారికి అసలు సంగతి చెప్పడం కష్టం కాదు. 100 కిలోల చెరకు ఆడితే సుమారు 10 కిలోల బెల్లం దిగుతుంది. నీరు ఆవిరైపోయి, పిప్పి వేరై, మడ్డి తీసివేయగా మిగిలేది ముఖ్యంగా తీపే. బెల్లంలో నూటికి 80 పాళ్లకు పైగా చక్కెర పదార్థమే ఉంటుంది. పంచదారలో అది దాదాపు నూటికి నూరు పాళ్లు. తేడా ఆ కాస్తే.

బెల్లంలో ఇనుము, ఇతర ఖనిజాలు కొంత ఉన్న మాట నిజమే. అయితే ఆ ఇనుము కోసం బెల్లం తినడమంటే నాలుగు మెతుకుల కోసం కుండెడు గంజి తాగడం వంటిది. మునగాకు, తోటకూర, పప్పుదినుసులు ఆ లోటు తీరుస్తాయి, రక్తంలో చక్కెరను అలా ఎగదోయవు. తేనె, తాటి బెల్లం సంగతీ ఇంతే. నాలుకకు రుచి వేరు కావచ్చు. కడుపులోకి దిగాక అన్నీ చివరకు ఒక్క దారే పడతాయి.

తీపి తింటేనే షుగరు వస్తుందా?

రచ్చబండ దగ్గర తరచు వినిపించే వాదం మరొకటి ఉంది. "మా నాయన రోజూ బెల్లం ముక్క నమిలేవాడు, ఎనభై ఏళ్లు బతికాడు, ఏ షుగరూ రాలేదు" అంటారు. అదీ అబద్ధం కాదు. తీపి ఒక్కటే ఈ జబ్బుకు కారణమని వైద్యులూ చెప్పరు. వంశంలో ఉండటం, నడుము చుట్టూ కొవ్వు పేరుకోవడం, ఒంటికి పని తగ్గడం, వయసు పైబడటం ఇవన్నీ కలిసి తెచ్చిపెట్టేది మధుమేహం. ఆ నాయన రోజుకు పది మైళ్లు నడిచాడు, నాగలి పట్టాడు, చెరకు మోపులు మోశాడు. కొడుకు మోటారు సైకిలు దిగడం లేదు. బెల్లం ముక్క మాత్రం తగ్గలేదు, పైపెచ్చు టీలు, శీతల పానీయాలు, బేకరీ కేకులు వచ్చి చేరాయి.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెల్లడయ్యాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారు. ఈ రెండవ లెక్కలోని వారికి ఇంకా జబ్బు రాలేదు. తిండి, నడక, బరువు సరిచేసుకుంటే చాలామంది ఆ గుమ్మం దాటకుండా వెనక్కి రావచ్చు. నాలుకను అదుపు చేసుకోవడం అందరికంటె ఎక్కువగా అక్కరకు వచ్చేది వీరికే.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తీపి పూర్తిగా మాని, మూడు పూటలా కంచం నిండా అన్నం వడ్డించుకునేవారు మన పల్లెల్లో ఎందరో. ఆ అన్నం కూడా కడుపులో చక్కెరగా మారేదే. తీపి తగ్గించి అన్నం పెంచితే ఎడమ జేబులోని డబ్బు కుడి జేబులో వేసుకున్నట్లే.

నాలుక ఎందుకు లొంగదు?

పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయకపోయినా తీపి అంటే ఇష్టమే. తల్లిపాలే తీపి. చేదు పెడితే ఉమ్మేసే పసివాడు తీపి పెడితే పెదవులు చప్పరిస్తాడు. అంటే తీపి మీద మోజు ఎవరూ నేర్పింది కాదు, ఒంటితో వచ్చింది. కాబట్టి తీపి మీద యావ ఉన్నవారు బలహీనులనీ, నిగ్రహం లేనివారనీ నిందించడంలో అర్థం లేదు.

కాని ఎంత తీపి కావాలి, ఏ వేళకు కావాలి అన్నది మాత్రం అలవాటే. రోజూ నాలుగు గంటలకు టీతోపాటు తీపి బిస్కట్టు తినేవారికి ఆకలి ఉన్నా లేకున్నా నాలుగయ్యేసరికి నోరు అడుగుతుంది. భోజనం చివర బెల్లం ముక్క అలవాటున్నవారికి అది లేకపోతే భోజనం ముగిసినట్లే ఉండదు. తీపి తిన్నప్పుడు మెదడులో హాయి కలిగించే పదార్థం ఊరుతుంది. ఆ హాయిని మెదడు గుర్తు పెట్టుకొని, అదే వేళకు అదే చోట మళ్లీ అడుగుతుంది.

ఖాళీ కడుపు మరొక కారణం. ఉదయం ఏమీ తినకుండా పొలానికో ఆఫీసుకో పోయినవారికి పదకొండు గంటలకు చూపు మిఠాయి దుకాణం మీదికి పోతుంది. ఉత్త కడుపున తీపి తింటే రక్తంలో చక్కెర ఒక్కసారి ఎగసి, తరువాత దిగుతుంది. దిగినప్పుడు మళ్లీ ఆకలి, మళ్లీ తీపి. ఈ ఊయల ఆగాలంటే ముందు కడుపు నింపాలి. నిద్ర చాలని వారికి, మనసులో దిగులున్న వారికి కూడా తీపి మీదికే మనసు పోతుంది. రాత్రి కాపలా కాసేవారిని, పరీక్షలకు చదివే పిల్లలను అడిగితే ఇది తెలుస్తుంది.

టీ గ్లాసులో దాగిన బస్తా

"మేం తీపి ఎక్కడ తింటున్నాం? పండక్కీ పబ్బానికీ తప్ప" అనేవారే ఎక్కువ. అటువంటివారు ఒకసారి టీ లెక్క వేసుకోవాలి.

రోజుకు 5 టీలు. టీకి 2 చెంచాల పంచదార. మొత్తం 10 చెంచాలు. చెంచాకు 5 గ్రాముల చొప్పున 50 గ్రాములు. నెలకు కిలోన్నర. ఏడాదికి 18 కిలోలు. ఇది ఒక్క మనిషి టీలో మాత్రమే. ఇందులో పండుగ అరిసె లేదు, పెళ్లి లడ్డూ లేదు.

పెద్దవారు రోజుకు తినే తిండిలో విడిగా కలిపిన చక్కెర నుంచి వచ్చే శక్తి పదో వంతు లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. 2000 కాలరీల తిండికి అది సుమారు 50 గ్రాములు. అందులో సగానికి, అంటే 25 గ్రాములకు దించితే ఇంకా మేలు అని కూడా ఆ సంస్థ చెప్పింది. పైన చెప్పిన టీలతోనే హద్దు అయిపోయింది. ఇది ఆరోగ్యవంతులకు చెప్పిన లెక్క. షుగరు ఉన్నవారి హద్దు ఇంకా దిగువన ఉంటుంది, దానిని వారి వైద్యులు నిర్ణయించాలి.

వేసవిలో దాహానికి తాగే ఒక పెద్ద గ్లాసు చెరకు రసంలో 6, 7 చెంచాల పంచదారకు తగ్గని తీపి ఉంటుంది. 300 మిల్లీలీటర్ల శీతల పానీయం సీసాలోనూ దాదాపు అంతే. దాహానికి తాగామనుకుంటాం కాని, తీపి తిన్నామన్న లెక్కే రాదు.

ఒట్టు పదకొండు రోజులు నిలిచింది

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున ఆ పెద్దాయన దేవుడి పటం ముందు నిలబడి ఇక జన్మలో తీపి ముట్టనని ఒట్టు వేశారు. ఆ మాట మీద పదకొండు రోజులు నిలిచారు. పన్నెండవ రోజున మేనకోడలి పెళ్లి. వియ్యాలవారి పంక్తిలో ఒక లడ్డూ తిన్నారు. ఒట్టు ఎలాగూ పోయింది కదా అని రెండవది తిన్నారు. ఇంటికి వచ్చి బెల్లం ముక్క నోట్లో వేసుకున్నారు. మరునాటి నుంచి టీలో మళ్లీ బెల్లం.

"బెల్లం వండేవోణ్ని బెల్లం తినొద్దంతే ఎలాగ బాబూ అని డాక్టరు బాబునే అడిగాను" అని ఆయన ఇప్పుడు నవ్వుతూ చెబుతారు. ఆ వైద్యుడు కసురుకోలేదట. "రేపటి నుంచి మానొద్దు. రేపటి నుంచి అర చెంచా తగ్గించు. పదిహేను రోజులాగి మళ్లీ రా" అన్నారట.

అప్పటి నుంచి లెక్క ఆయన మనుమరాలి చేతికి వెళ్లింది. ఏడో తరగతి చదువుతున్న ఆ పిల్ల గోడ మీది క్యాలెండరులో రోజూ తాత తాగిన టీలకు గీతలు పెట్టేది. మొదట టీలు ఐదు నుంచి మూడుకు దిగాయి. తరువాత రెండు చెంచాలు ఒకటిన్నర అయ్యాయి. పదిహేను రోజులకు ఒకటి. మరో పదిహేను రోజులకు అర. నాలుగో నెలలో అల్లం, యాలకులు దంచి వేసిన చప్పని టీకి నాలుక అలవాటు పడింది.

కష్టమంతా మొదటి మూడు వారాలే అంటారు ఆయన. ఆ తరువాత ఒక వింత జరిగింది. ఒకరోజు బంధువుల ఇంట్లో మామూలు టీ ఇచ్చారు. రెండు గుక్కలు తాగి పక్కన పెట్టారు. "పాకం తాగినట్టుంది, నోట్నుంచి పోవడం నేదు" అన్నారు. అదే మనిషి, అదే నాలుక. తీపి తగ్గిస్తూ పోతే రెండు మూడు నెలలకు నాలుక కొద్దిపాటి తీపినే ఎక్కువగా పసిగడుతుంది. ఆ మేరకు కోరికా తగ్గుతుంది. ఒకేసారి మానినవారికి ఈ మార్పు రాకముందే ఓపిక అయిపోతుంది.

ఆయన పనిలోనూ ఒక మార్పు చేసుకోవలసి వచ్చింది. పొయ్యి దగ్గర రోజంతా రుచి చూడటం, గోరువెచ్చని ముక్క నోట్లో వేసుకోవడం ఆయనకు శ్వాస తీసుకున్నంత మామూలు. "అది తిండి లెక్కలోకి రాదనుకున్నాను" అంటారు. ఇప్పుడు పాకం వేళ్లతోనే చూస్తారు, నోటితో చూడరు. రుచి చూసే పని చేతికింద ఉన్న కుర్రవాడికి అప్పగించారు. దిమ్మ రంగు గాని, గట్టిదనం గాని చెడలేదని రైతులే చెబుతున్నారు.

కడుపు నిండితే నాలుక తగ్గుతుంది

తీపి యావను తగ్గించుకున్నవారు చెప్పే ఉపాయాలలో ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు.

ఉదయం కడుపు ఖాళీగా ఉంచకూడదు. ఈ ప్రాంతంలో పెద్దలు తాగిన చోడి అంబలి, మజ్జిగ, పక్కన ఉల్లిపాయ ఇప్పటికీ మంచి ఫలహారమే. అయితే అందులో బెల్లం కలపకూడదు, గ్లాసు మీద గ్లాసు తాగకూడదు. చోళ్లు కూడా ధాన్యమే, మితం దానికీ ఉంది. ఉడకబెట్టిన సెనగలు, పెసలు, ఉలవలు, గుడ్డు, వేయించిన వేరుసెనగలు గుప్పెడు తిన్నవారికి చాలాసేపు ఆకలి వేయదు. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచితే భోజనం చివర తీపి కోసం వెతుకులాట తగ్గుతుంది.

తీపి మీదికి మనసు పోయిన వెంటనే లేచి పావుగంట నడవాలి. ఆ కోరిక అల వంటిది. లేస్తుంది, కాసేపు ఊపుతుంది, దానంతట అది విరిగిపోతుంది. భోజనం తరువాత నడిస్తే రక్తంలో చక్కెర కూడా తగ్గుతుంది కనుక ఒక నడకకు రెండు లాభాలు. చెంబుడు నీళ్లు తాగడం, నోరు పుక్కిలించడం, సోంపు గింజలో లవంగమో నమలడం పలువురు పాటిస్తున్నారు. రాత్రి భోజనం కాగానే పళ్లు తోముకుంటే ఆపైన నోరు ఏదీ అడగదని ఒక ఉపాధ్యాయిని చెప్పిన చిట్కా.

అన్నిటికంటె ముఖ్యం, తీపి ఇంట్లో కంటికి ఎదురుగా ఉండకూడదు. డబ్బా అటక మీద ఉంటే బల్ల వేసుకొని ఎక్కేంత యావ చాలామందికి ఉండదు. బల్ల మీదనే ఉంటే పోతూ ఒకటి, వస్తూ ఒకటి.

తీపి తినాలనిపిస్తే పండు తినవచ్చు. జామకాయ మనకు పెరటిలో దొరికేదే. పండును కొరికి నమిలి తినాలి గాని రసం తీసి తాగకూడదు. రసం తీస్తే పీచు పోయి తీపి మిగులుతుంది. షుగరు ఉన్నవారు మామిడి, పనస, సపోటా వంటి వాటిలో ఎంత తినవచ్చో వైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి.

పొడపత్రి మహిమ ఎంతవరకు?

మన్యం నుంచి సంతకు వచ్చే ఆకులలో పొడపత్రి ఒకటి. కంచెల మీదా, అడవిలోనూ పాకే ఈ తీగ ఆకు నమిలి, ఆ వెంటనే పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్లుంటుంది. బెల్లమూ అంతే. ఆకులోని పదార్థం నాలుక మీద తీపిని పసిగట్టే చోట్లను కాసేపు మూసివేయడమే దీనికి కారణం. అరగంట నుంచి గంట వరకు ఆ ప్రభావం ఉంటుంది. తరువాత నాలుక మామూలే. తీపిని చంపే ఆకు కనుకనే దీనికి మధునాశిని అని పేరు వచ్చింది.

అయితే నాలుకను మభ్యపెట్టడం వేరు, జబ్బును నయం చేయడం వేరు. "పొడపత్రి పొడి తింటే మాత్రలు అక్కరలేదు" అనే మాటలు నమ్మి మందులు మానుకోవడం ప్రమాదం. మాత్రలు వేసుకుంటూ వైద్యుడికి చెప్పకుండా ఈ పొడులు తినడం కూడా మంచిది కాదు, చక్కెర ఉండవలసిన దానికంటె పడిపోయే అవకాశం ఉంది.

తీపి రుచినిచ్చే కృత్రిమ మాత్రల సంగతి మరొకటి. బరువు తగ్గడానికి వీటిని ఆశ్రయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. అప్పటికే మధుమేహం ఉన్నవారికి ఈ సూచన వర్తించదు. వారు వైద్యుడి సలహా మీద వాడుకోవచ్చు. ఏది ఏమైనా నాలుకకు అంత తీపే అలవాటుగా ఉంచితే యావ తగ్గేది ఎలాగన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

పండుగ వచ్చినప్పుడు

తీపి లేని పండుగ తెలుగువారికి లేదు. ఉగాది పచ్చడిలో కొత్త బెల్లం, సంక్రాంతికి అరిసెలు, పాకుండలు, నాగుల చవితికి చలిమిడి, చిమ్మిలి. చుట్టం వస్తే మాడుగుల హల్వా. గోధుమ పాలు, నెయ్యి, పంచదార, జీడిపప్పులతో గంటల తరబడి కలియబెట్టి చేసే ఆ హల్వా ఇంటికి తెచ్చి ముట్టకుండా ఉండమనడం ఎవరి తరమూ కాదు.

పండుగనాడు మానమని ఆ వైద్యుడు కూడా చెప్పలేదట. పద్ధతి ఒకటి చెప్పారు. తినదలచుకున్నది ఒకటి ఎంచుకోవాలి. భోజనం తరువాత తినాలి గాని ఉత్త కడుపున కాదు. ఆ పూట అన్నం తగ్గించాలి. కూర్చొని, నిదానంగా, రుచి తెలిసేలా తినాలి. మిగిలినవి ఆ రోజే ఇరుగుపొరుగుకు పంచివేయాలి. పండుగ ఒక్కరోజు. డబ్బా నిండా అరిసెలు దాచుకుంటే పండుగ నెల్లాళ్లు సాగుతుంది, చేటు చేసేది ఆ నెల్లాళ్లే.

ఆ ఇంట్లో సంక్రాంతికి ఇదివరకు పది కిలోల బియ్యం అరిసెలు వండేవారు. ఇప్పుడు మూడు కిలోలు. ఆయన వంతు భోగినాడు సగం, సంక్రాంతినాడు సగం. "మొదటేడు ఆ సగం కూడా మా కోడలు కళ్ల ముందే పెట్టి కూకుంది, దొంగతనం చెయ్యకుండా" అని చెబుతారు.

ఇక్కడ ఇల్లాళ్లకు, బంధువులకు ఒక మాట. "మా ఇంట్లో ఒక్కటి తినకపోతే మా మీద ఒట్టే" అనడం మన మర్యాద. అది తినేవాడి ప్రాణం మీదికి తెస్తోంది. వద్దన్నవారికి మజ్జిగ ఇచ్చి గౌరవిస్తే మర్యాదకు లోటు రాదు. ఊళ్లోని టీ కొట్టు యజమాని ఈ సంగతి ముందే గ్రహించాడు. ఇదివరకు అన్నీ ఒకే గిన్నెలో కలిపి మరిగించేవాడు. ఇప్పుడు చప్పని టీ వేరుగా పెట్టి, అడిగినవారికి అడిగినంత వేసి ఇస్తున్నాడు. "చప్పటి టీ అంటే ఇదివరకు సిగ్గుపడి చెవిలో చెప్పేవారు, ఇప్పుడు గట్టిగానే అడుగుతున్నారు" అంటున్నాడు.

పిల్లల విషయంలో జాగ్రత్త ఇంకా ముందుగా మొదలు కావాలి. ఏడ్చిన ప్రతిసారీ చాక్లెట్టు చేతిలో పెట్టడం, మార్కులు వచ్చాయని స్వీటు కొనిపెట్టడం వల్ల దిగులుకూ తీపే, సంతోషానికీ తీపే అని వారికి మనమే నేర్పుతున్నాం. పెద్దయ్యాక దానిని మాన్పించడానికి వైద్యుడు కావలసి వస్తోంది.

తీపే మందయ్యే వేళ

ఇంత చెప్పిన తరువాత దీనికి ఎదురు మాట ఒకటి చెప్పక తప్పదు. షుగరు మాత్రలు వేసుకునేవారికి, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారికి, సమయానికి తిండి లేకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం, మాట తడబడటం దాని గుర్తులు. అప్పుడు నియమం చూడకూడదు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పంచదార లేకపోతే బెల్లం. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తరలించాలి. అందుకే మందులు వాడేవారి జేబులో చిన్న పొట్లం తీపి ఎప్పుడూ ఉండాలి. అది తినడానికి కాదు, ఆపదకు.

అలాగే ఉన్నట్టుండి తిండి మాని, మందు మాత్రం వేసుకోవడం, లేదా తీపి మానాను కదా అని మందు మానడం రెండూ తప్పే. తీపి బాగా తగ్గించాక మందు మోతాదు మార్చవలసి రావచ్చు. ఆ మార్పు వైద్యుడు చేయాలి.

30 ఏళ్లు దాటిన ప్రతివారూ ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో షుగరు, బి.పి. పరీక్షలు ఉచితం. పరగడుపున రక్తంలో చక్కెర 126 గాని, ఆపైన గాని ఉంటే మధుమేహంగా లెక్కిస్తారు. మూడు నెలల సగటు తెలిపే పరీక్షలో 6.5 శాతం హద్దు. ఇవి మళ్లీ ఒకసారి నిర్ధారించుకోవాలి. జబ్బు ఉన్నవారు రోజూ రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవాలి. చెప్పులు లేకుండా పొలంలోకి గాని, పొయ్యి దగ్గరికి గాని వెళ్లకూడదు. కనిపించని నొప్పిని కన్నే కనిపెట్టాలి.

ఆ పెద్దాయన ఇప్పుడు మూసుకున్న చెప్పులు వేసుకొని పొయ్యి దగ్గర నిలబడుతున్నారు. పోయిన రెండు వేళ్లు రాలేదు. కాలి స్పర్శా రాలేదు. మిగిలిన ఎనిమిది వేళ్లూ నిలబడ్డాయి. మూడు నెలల సగటు అదుపులోకి వచ్చిందని పోయినసారి చూసినప్పుడు వైద్యులు చెప్పారు. క్యాలెండరు మీద గీతలు మాత్రం మనుమరాలు మానలేదు.

పాకం దగ్గరికి చెరకు ముక్కలతో వచ్చే పిల్లలను ఆయన వెళ్లగొట్టడం లేదు. ఒక్కొక్కరికి ఒక్కసారే ముంచుకోనిస్తారు. రెండవసారి చేయి చాచినవాడికి తన ఎడమ కాలు చూపిస్తారు. "ఈ ఏళ్లు బెల్లం తినేసింది రా" అంటారు. పిల్లలు కాసేపు ఆ కాలి వంక చూసి, ఉత్త చెరకు ముక్క నములుకుంటూ వెళ్లిపోతారు.